వాహనాల వెలుపలి ప్లాస్టిక్, రబ్బరు భాగాల సంరక్షణ

కారు, జీపు, ఆటో, వ్యాను మొదలైన వాహనాల వెలుపల ఉండే రంగు వేయని ప్లాస్టిక్ భాగాలను, రబ్బరు భాగాలను ఎండ, ఓజోన్, ఉప్పు గాలి, దుమ్ముల నుండి కాపాడటానికి పూసే ద్రవాన్ని లేదా లేపనాన్ని రక్షక లేపనము అంటారు. బంపర్లు, చక్రాల పైనుండే నల్లని అంచులు, అద్దాల తొడుగులు, తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు, కిటికీ అద్దాల రబ్బర్లు, వైపరు రబ్బర్లు, టైర్ల పక్కభాగాలు ఈ కోవకు చెందుతాయి. బజారులో ఇవి పాలిషు, డ్రెస్సింగు, ప్రొటెక్టెంటు వంటి పలు పేర్లతో దొరుకుతాయి. పేరు ఏదైనా అన్నీ ఒకే పని చేయవు. కొన్ని రక్షిస్తాయి, కొన్ని కేవలం మెరిపిస్తాయి, మరికొన్ని మేలుకంటే కీడే ఎక్కువ చేస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వంటి కోస్తా ప్రాంతంలో ఈ ఎంపికకు ప్రాధాన్యం ఎక్కువ. ఈ వ్యాసంలో ఆ భాగాలు ఎందుకు పాడవుతాయి, ఏ లేపనం దేనికి తగును, దానిని ఎట్లా ఎంచుకోవాలి అన్న విషయాలు వివరించబడినవి.

ప్రాధాన్యం

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే అని చాలామంది భావిస్తారు. బంపరు వెలిసిపోతే నష్టం అందానికే కావచ్చును గాని, రబ్బరు సంగతి వేరు. తలుపు బీడింగు గట్టిపడి బిగువు కోల్పోతే వాన నీరు లోపలికి దిగుతుంది. కోస్తా ఊళ్ళలో ఆ నీటితో పాటు ఉప్పు కూడా చేరుతుంది. తలుపు లోపలి రేకులోను, కాళ్ళ కింది తివాచీ అడుగున ఉండే ఇనుప నేలలోను తుప్పు మొదలవుతుంది. అది పైకి కనబడే నాటికి రేకు చిల్లు పడి ఉంటుంది. వైపరు రబ్బరు ఎండిపోతే వాన రాత్రి జాతీయ రహదారిపై ఎదురు లారీ దీపాల వెలుగులో దారి కనబడదు. టైరు పక్కభాగం పగిలితే ప్రాణాపాయమే. కొద్ది వందల రూపాయల బీడింగును సకాలంలో పట్టించుకోకపోతే వేల రూపాయల రేకు పనికి దారితీస్తుంది. కనుక లేపనం ఎంపిక నిజానికి డబ్బుకు, భద్రతకు సంబంధించిన విషయం.

ఏ భాగం దేనితో తయారవుతుంది

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లకు క్రోమియం పూత వేసిన ఉక్కు బంపర్లు ఉండేవి. తరువాతి తరం కార్లలో వాటి స్థానాన్ని ప్లాస్టిక్ ఆక్రమించింది. నేటి వాహనాలలో ముఖ్యంగా కనబడే పదార్థాలు ఇవి:

* పాలీప్రొపిలీన్ – బంపర్లకు, చక్రాల అంచులకు, నల్లని పక్క పట్టీలకు వాడతారు. ఇటలీ శాస్త్రవేత్త గ్యులియో నట్టా 1954లో దీనిని స్ఫటిక రూపంలో తయారుచేశాడు. ఈ రంగంలో చేసిన కృషికి ఆయన, జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్ 1963లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. బంపర్లకు వాడేటప్పుడు దెబ్బకు పగలకుండా దీనిలో రబ్బరు వంటి పదార్థాన్ని కలుపుతారు.
* ఎ.బి.ఎస్. – అద్దాల తొడుగులకు, ముందరి జాలీలకు వాడే గట్టి ప్లాస్టిక్. ఘాటైన ద్రావణులు తగిలితే దీనిపై సన్నని పగుళ్ళు ఏర్పడవచ్చును.
* పాలీకార్బొనేట్ – ముందు దీపాల పారదర్శక మూతలు. దీనిపై కర్మాగారంలోనే ఒక గట్టి పూత వేస్తారు. ఆ పూత అరిగినప్పుడు దీపం పసుపుబారుతుంది.
* ఇ.పి.డి.ఎం. రబ్బరు – తలుపు బీడింగు, కిటికీ రబ్బర్లు. ఎండను, ఓజోన్‌ను బాగా తట్టుకుంటుంది. కాని పెట్రోలు, డీజిలు, కిరోసిన్, ఇంజను ఆయిల్ వంటి ఖనిజ తైలాలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.
* సహజ రబ్బరు, ఎస్.బి.ఆర్. – టైర్లు. వీటిలో ఓజోన్‌ను అడ్డుకునే రసాయనాలను, మైనాన్ని తయారీలోనే కలుపుతారు.

చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్న వల్కనీకరణ పద్ధతి ద్వారా, అంటే గంధకంతో కలిపి వేడిచేయడం ద్వారా, రబ్బరుకు బలం, సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణం కలుగుతాయి. బీడింగు మళ్ళీ మళ్ళీ నలిగినా తిరిగి లేవగలగడానికి ఈ గుణమే కారణం. అది పోయిన తరువాత ఏ లేపనమూ దానిని తిరిగి ఇవ్వజాలదు.

పాడయ్యే విధానం

ప్లాస్టిక్, రబ్బరు రెండూ పొడవైన గొలుసుల వంటి అణువులతో ఏర్పడినవి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు ఆ గొలుసులను తెంచగల శక్తి ఉన్నది. తెగిన చోట గాలిలోని ఆమ్లజని చేరి విచ్ఛేదనాన్ని కొనసాగిస్తుంది. ఎండ వేడిమి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. పైపొరలో సన్నని బీటలు ఏర్పడి, కాంతి చెదిరి, నల్లని బంపరు బూడిద రంగులో కనబడుతుంది. పొడిబట్టతో రుద్దితే సుద్ద వంటి పొడి వస్తుంది. కళింగపట్నం, భావనపాడు తీరాలలో ఫైబరు పడవలు కొన్నేళ్ళకు రంగు వెలిసి, చేతికి పొడి అంటుకోవడం మత్స్యకారులందరికీ తెలిసినదే. పదార్థం వేరైనా జరిగే పని ఇంచుమించు అదే.

తయారీదారులు దీనిని ఎదుర్కొనడానికి ప్లాస్టిక్‌లోను, రబ్బరులోను మసి పొడిని, అంటే కార్బన్ బ్లాక్‌ను కలుపుతారు. ఇది అతినీలలోహిత కిరణాలను తనలో ఇముడ్చుకుంటుంది. టైర్లు, బీడింగులు నల్లగా ఉండటానికి ఇది ఒక కారణం. దీనితో పాటు కొన్ని స్థిరీకరణ రసాయనాలను కూడా కలుపుతారు. అవి కాలక్రమాన ఖర్చవుతాయి.

రబ్బరుకు మరొక శత్రువు నేలకు దగ్గరగా గాలిలో ఉండే ఓజోన్. ఇది సాగదీసి ఉన్న రబ్బరుపై దాడి చేస్తుంది. సాగిన దిశకు అడ్డంగా పగుళ్ళు వస్తాయి. టైర్లలో కలిపిన మైనం, రక్షక రసాయనాలు లోపలి నుండి నెమ్మదిగా పైకి వచ్చి పొరగా ఏర్పడతాయి. టైరు పక్కభాగం గోధుమ రంగుకు తిరగడం దీనివల్లనే. ఆ రంగును మురికి అనుకొని గట్టిగా తోమి పోగొట్టడం అంటే రక్షణ పొరను తీసివేయడమే. బండి నడుస్తున్నప్పుడు టైరు నలుగుతూ ఉండటం వలన ఈ పదార్థాలు పైకి రావడం సులభమవుతుంది. నెలల తరబడి షెడ్డులో నిలిచిన బండి టైర్లు తిరిగే బండి టైర్ల కంటే ముందుగా పగలడానికి ఇదొక కారణం.

ఉత్తరాంధ్ర తీరంలో ప్రత్యేక పరిస్థితులు

శ్రీకాకుళం పట్టణం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. కనుక మే నెల మధ్యలో ఒకసారి, జులై చివర మరొకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. రెండవసారి సాధారణంగా మబ్బులు అడ్డుపడతాయి గాని, మే నెల ఎండకు అడ్డు ఉండదు. ఆ రోజులలో బయట నిలిపిన కారు నల్లని బంపరుపై చేయి పెట్టలేము.

రెండవది సముద్రపు గాలి. ఇచ్ఛాపురం నుండి రణస్థలం వరకు, అక్కడి నుండి విజయనగరం జిల్లాలోని పూసపాటిరేగ, భోగాపురం వరకు తీరం వెంబడి ఊళ్ళు ఉన్నాయి. ఉప్పు నేరుగా ప్లాస్టిక్‌ను తినదు. కాని అది గాలిలోని తేమను పీల్చుకొని బీడింగు సందులలో చెమ్మ ఆరకుండా చేస్తుంది. ఆ చెమ్మ రేకుకు చేటు.

మూడవది దుమ్ము. టెక్కలి పరిసరాలలో గ్రానైటు క్వారీలు ఉన్నాయి. ఆ రాతి దుమ్ములోని రేణువులు ప్లాస్టిక్ కంటే గట్టివి. పొడిబట్టతో తుడిస్తే ఆకురాయి పెట్టినట్లే. జిడ్డు లేపనం పూసిన భాగం దుమ్మును మరింతగా పట్టి ఉంచుతుంది.

నాల్గవది తుపానులు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన గులాబ్ ఈ ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసినవి. తుపాను గాలి ఇసుకను, ఉప్పునీటి తుంపరలను వెంట తెస్తుంది. తుపాను వెలిసిన తరువాత బండిని మొదట మంచినీటితో కడగాలి. లేపనం సంగతి ఆ తరువాతనే. ఉప్పు మీద పూసిన లేపనం ఉప్పును లోపల బంధిస్తుంది.

లేపనాలలో రకాలు

1. నీటి ఆధారితమైనవి: సిలికాన్ నూనెను గాని, ఇతర పాలిమర్లను గాని నీటిలో ఎమల్షనుగా చేస్తారు. ఇవి సాధారణంగా పాలవలె తెల్లగా ఉంటాయి. కొన్నిటిలో అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. ఆరిన తరువాత జిడ్డు తక్కువ. ప్లాస్టిక్‌కు, రబ్బరుకు రెంటికీ సాధారణంగా క్షేమకరం. వానలకు త్వరగా పోతాయి కనుక కొన్ని వారాలకొకసారి మళ్ళీ పూయాలి.

2. ద్రావణి ఆధారితమైనవి: సిలికాన్ నూనెను పెట్రోలియం ద్రావణిలో కలుపుతారు. బాగా మెరుస్తాయి, వానకు త్వరగా పోవు. అందువలన టైరు పాలిషుగా ప్రసిద్ధి. కాని ఇందులోని ద్రావణి ఇ.పి.డి.ఎం. బీడింగుకు మంచిది కాదు. టైరు పైపొరలోని రక్షక మైనాన్ని కూడా ఇది కరిగించవచ్చును.

3. రంగు కలిపినవి: వెలిసిన నల్ల ప్లాస్టిక్‌కు తిరిగి నలుపు తెచ్చేవి. వీటిని పునరుద్ధారకాలు అనవచ్చును. ఇవి బూడిదబారిన భాగాలకు ఉపయోగం. కొత్త బండికి అవసరం లేదు.

4. గట్టిపడే పూతలు: సిలికా లేదా సిలేను ఆధారిత పూతలు. బజారులో సిరామిక్ పూత అంటారు. ఆరి గట్టి పొరగా ఏర్పడి ఎక్కువ కాలం నిలుస్తాయి. బంపర్లకు, పక్క పట్టీలకు తగును. నలిగే బీడింగుకు తగవు, ఎందుకంటే గట్టిపొర రబ్బరుతో పాటు వంగలేక బీటలు వారుతుంది. పూసే ముందు భాగాన్ని జిడ్డు లేకుండా శుభ్రం చేయకపోతే ఊడిపోతాయి.

5. సిలికాన్ గ్రీజు, గ్లిజరిన్: తలుపు బీడింగుకు వాడతారు. పలుచగా పూసిన సిలికాన్ గ్రీజు బీడింగు రేకుకు అతుక్కోకుండా, కిర్రుమనకుండా కాపాడుతుంది. గ్లిజరిన్ చవక, రబ్బరుకు హాని చేయదు. కాని నీటిలో కరుగుతుంది కనుక ఒక పెద్ద వానతో పోతుంది.

సిలికాన్ అంటేనే రబ్బరుకు చెరుపు అన్న అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. ఇది పూర్తిగా సరి కాదు. బీడింగుకు వాడే ఇ.పి.డి.ఎం. రబ్బరును సిలికాన్ నూనె కరిగించదు. హాని ఎక్కువగా దానితో కలిసి ఉన్న పెట్రోలియం ద్రావణి వల్ల కలుగుతుంది. అయితే సిలికాన్‌తో రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, రేకుపై అది మిగిలి ఉంటే తరువాత పెయింటు వేసేటప్పుడు రంగు అంటక చేప కళ్ళ వంటి గుంటలు పడతాయి. రెండు, సిలికాన్ రబ్బరుతో చేసిన భాగాలను సిలికాన్ నూనె ఉబ్బిస్తుంది.

ఇంటి పద్ధతులు

* కొబ్బరి నూనె, నువ్వుల నూనె: పూసిన వెంటనే నల్లగా మెరుస్తుంది. అతినీలలోహిత కిరణాలను చెప్పుకోదగినంతగా అడ్డుకోదు. దుమ్ము పడుతుంది, కొంతకాలానికి ముక్కవాసన వేస్తుంది.
* కిరోసిన్, డీజిలు, వాడిన ఇంజను ఆయిల్: ఆటోలకు, జీపులకు వీటిని పూసే అలవాటు ఉన్నది. బీడింగు విషయంలో ఇంతకంటే చెడ్డది లేదు. రబ్బరు మొదట మెత్తగా, కొత్తదానివలె కనబడుతుంది. అది ఉబ్బడం వల్ల కలిగిన భ్రమ. ద్రవం ఆవిరైన తరువాత మునుపటికంటే కుంచించుకొని గట్టిపడవచ్చును.
* జీడిపిక్కల నూనె: పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు పరిశ్రమ ఉన్నందున ఇది ఈ ప్రాంతంలో పరిచితమే. కొయ్య పడవలు చెడిపోకుండా పూయడానికి ఇది పూర్వం నుండి వాడుకలో ఉన్నది. వాహనాల బ్రేకు లైనింగుల తయారీలో కూడా దీని నుండి తీసిన రెసినును వాడతారు. ఇంత గుణవంతమైనదైనా బంపరుకు, బీడింగుకు పనికిరాదు. గోధుమ రంగులో గట్టిపడిపోతుంది, చర్మంపై పడితే పొక్కులు లేస్తాయి.
* బూటు పాలిషు: నలుపు వస్తుంది గాని చేతికి, బట్టలకు అంటుతుంది. వానలో కారి రంగు రేకును మరక చేస్తుంది.
* మంటతో కాల్చడం: వెలిసిన బంపరును మంటతో గాని, వేడిగాలితో గాని కొద్దిగా వేడిచేస్తే పైపొర కరిగి నలుపు తిరిగి వస్తుంది. కాని కొంతకాలానికి మళ్ళీ వెలుస్తుంది. ఏ మాత్రం ఎక్కువైనా ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది.

దసరా నాడు వాహన పూజ చేసి బంపరుకు పసుపు, కుంకుమ పెట్టడం మన ఆచారం. గరుకైన ప్లాస్టిక్‌పై పసుపు మరక నిలిచిపోతే దానిని ఘాటైన ద్రావణితో తుడవవలసిన పని లేదు. పసుపులోని రంగు పదార్థమైన కుర్కుమిన్ ఎండకు తానే వెలిసిపోతుంది. కుంకుమ మరకకు సబ్బునీరు వెంటనే వాడటం మేలు.

ఎంపిక విధానము

మెరుపును బట్టి లేపనాన్ని ఎంచుకోరాదు. మెరుపు అంటే పైన నూనె పొర ఉన్నదని మాత్రమే అర్థం. నీరు ముత్యాలవలె జారడం కూడా ఎండ నుండి రక్షణకు నిదర్శనం కాదు. కొనేటప్పుడు ఈ క్రింది అంశాలు గమనించాలి.

* సీసాపై పెట్రోలియం డిస్టిలేట్, నాఫ్తా, మినరల్ స్పిరిట్ వంటి పదాలు గాని, మంట గుర్తు గాని ఉంటే అది ద్రావణి ఆధారితం. బీడింగుకు వాడరాదు. స్ప్రే డబ్బాలలో మంట గుర్తు లోపలి వాయువు వలన కూడా ఉండవచ్చును కనుక పదార్థాల జాబితా చదవాలి.
* మూత తీస్తే కిరోసిన్ వాసన వచ్చినచో అదే అనుమానం.
* ఏ ఏ భాగాలకు వాడవచ్చునో సీసాపై స్పష్టంగా రాసి ఉండాలి. అన్నింటికీ అని రాసినదానిని ముందుగా పరీక్షించాలి.
* రంగు రేకుకు వాడే మైనపు పాలిషును గరుకు ప్లాస్టిక్‌కు వాడరాదు. గరుకులో ఇరుక్కొని తెల్లని మరకగా మిగులుతుంది.

చిన్న పరీక్ష ఒకటి ఇంటి వద్దనే చేయవచ్చును. మెకానిక్ దుకాణంలో పారవేసిన పాత బీడింగు నుండి సమానమైన మూడు ముక్కలు కోయాలి. ఒకదానిని కొన్న లేపనంలోను, రెండవదానిని కిరోసిన్‌లోను, మూడవదానిని మంచినీటిలోను మూతగల చిన్న సీసాలలో ఒక రోజు ఉంచాలి. తరువాత తుడిచి స్కేలుతో కొలవాలి. కిరోసిన్‌లోని ముక్క స్పష్టంగా ఉబ్బుతుంది. లేపనంలోని ముక్క నీటిలోని ముక్కతో సమానంగా ఉంటే ఆ లేపనం వాడదగినది. కిరోసిన్ ముక్క వైపు మొగ్గితే దానిని పక్కన పెట్టడం మేలు. బడి పిల్లలకు కూడా ఇది చక్కని ప్రయోగం. అయితే కిరోసిన్ ఉన్నందున పెద్దల పర్యవేక్షణ తప్పనిసరి.

పూసే విధానము

1. బండిని నీడలో నిలిపి, చల్లారిన తరువాత మంచినీటితో దుమ్మును కడగాలి. తీరప్రాంత బోరునీరు ఉప్పగా ఉంటే తెల్లని చుక్కలు పడతాయి, కనుక చివరిసారి మంచినీరు వాడాలి.
2. పలుచని సబ్బునీటితో, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. బట్టల సబ్బు వంటి క్షారం ఎక్కువగల వాటిని వాడరాదు.
3. బీడింగు సందులు, తలుపు అడుగున నీరు కారే రంధ్రాలు శుభ్రపరచి పూర్తిగా ఆరనివ్వాలి.
4. లేపనాన్ని బట్టపై వేసి పలుచగా పూయాలి. నేరుగా చిమ్మితే అద్దాలపై, బ్రేకులపై పడుతుంది.
5. కొన్ని నిమిషాల తరువాత పొడిబట్టతో మిగిలినదానిని తుడిచివేయాలి. తుడవకుండా వదిలిన జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది.

టైరు నేలను తాకే భాగం, బ్రేకు డిస్కులు, పెడళ్ళు, స్టీరింగు, ముందు అద్దం, వైపరు రబ్బరు అంచు, మోటారు సైకిలు సీటు – వీటికి ఏ లేపనమూ పూయరాదు. జారుడు వలన ప్రమాదం కలుగుతుంది. వైపరు రబ్బరును తడిబట్టతో తుడిస్తే చాలు.

ఈ ప్రాంత వాతావరణాన్ని బట్టి వేసవి మొదలయ్యే మార్చిలో ఒకసారి, జూన్ వానలకు ముందు ఒకసారి, తుపానుల కాలం గడిచిన తరువాత డిసెంబరులో ఒకసారి బీడింగును పరిశీలించి లేపనం పూయడం తగిన పద్ధతి. ఎండకు గురయ్యే బంపర్లకు ఇంకా తరచుగా అవసరం కావచ్చును.

పరిమితులు

లేపనపు పొర చాలా పలుచనిది. కిరణాలను అడ్డుకునే శక్తి పొర మందాన్ని బట్టి, అందులోని రసాయన పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అందువలన ఎంత మంచి లేపనమైనా నీడతో సమానం కాదు. కమ్మల పాకయినా, రేకుల షెడ్డయినా బండికి నీడ కల్పించడం అన్నిటికంటే మేలైన రక్షణ. చెట్టు నీడ మంచిదే గాని, ఉద్దానం వంటి చోట్ల కొబ్బరి చెట్టు కింద బండి నిలపరాదు. మామిడి పూతకాలంలో తేనెమంచు పురుగులు విడిచే జిగురు బండిపై పడుతుంది. గుడ్డ కవరు వేసేటప్పుడు లోపల దుమ్ము, తడి లేకుండా చూడాలి.

పగిలిన బీడింగుకు, పగిలిన టైరుకు లేపనం వైద్యం కాదు. టైరు పక్కన ఒక దీర్ఘవృత్తంలో ఉండే నాలుగు అంకెలు దాని తయారీ కాలాన్ని తెలుపుతాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పాత బండి కొనేవారు టైర్ల మెరుపును చూసి మోసపోకుండా ఈ అంకెలను చదవాలి. మెరుపు కింద పగుళ్ళు ఉన్నవేమో తడిబట్టతో తుడిచి చూడాలి. బీడింగును వేలితో నొక్కి వదిలినప్పుడు వెంటనే లేస్తే ఇంకా పనికివస్తుంది. సొట్ట అట్లాగే నిలిచిపోతే, లేపనానికి పెట్టే డబ్బుతో కొత్త బీడింగు వేయించుకోవడమే మంచిది.